అనంతపురంలో అద్దె ఇల్లు: రెండు ఎండాకాలాలు, మూడు గాలికాలాలు

అనంతపురం సాయినగర్ వెనక వీధిలో మొదటి అంతస్తు ఇంట్లో 2023 జూన్ నుంచి అద్దెకుంటున్నాం. రెండు గదులు, వంటిల్లు, తూర్పు వాకిలి, నెలకు 9 వేలు. ఇల్లు ఎట్లుందని మా కడపవాళ్లు ఫోన్ చేసి అడుగుతుంటారు. ఇంటి గురించి నాలుగు మాటల్లో చెప్పేయొచ్చు. ఊరి గురించే ఎక్కువ చెప్పాలి. ముందు ఊరు ఎంచుకున్నాం, తర్వాతే ఇల్లు వెతుక్కున్నాం.

నేను ఆర్టీసీలో 31 ఏళ్లు డ్రైవరుగా చేసినాను. మాది కమలాపురం దగ్గర పల్లె. ఉద్యోగం ఎక్కువ కాలం కడపలో, మధ్యలో ఏడేళ్లు కర్నూల్లో. అనంతపురానికి ఎప్పుడొచ్చినా నైట్ హాల్టుకే. ఊరి వాతావరణం పగలు ఎవరికైనా తెలుస్తుంది, రాత్రి సంగతి మాత్రం నైట్ హాల్టు చేసినవాణ్ణే అడగాలి. రెస్ట్ రూములో ఉక్కపోస్తే దుప్పటి చంకన పెట్టుకుని నిచ్చెన ఎక్కి బస్సు టాపు మీద పడుకునేవాళ్లం. మే నెలలో మూడు ఊళ్లలోనూ అట్లా పడుకున్నాను. కడపలో రాత్రి రెండైనా టాపు రేకు వెచ్చగానే ఉండేది. కర్నూల్లో తెల్లవారుజామున కాస్త కునుకు పట్టేది. అనంతపురంలో పదకొండు దాటేసరికి దుప్పటి కాళ్లమీదికి లాక్కునేవాణ్ణి. రిటైరయ్యే ముందు సంవత్సరం ఎక్కడ ఉందామని ఇంట్లో మాట వచ్చినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ దుప్పటే.

మా ఆవిడకు పన్నెండేళ్లుగా ఉబ్బసం. ఎండ కంటే ఆమెను ఎక్కువ కుంగదీసేది నిద్ర లేకపోవడం. కడపలో వేసవి రాత్రుళ్లు మంచం మీద కూర్చుని, గోడకు దిండు ఆనించుకుని తెల్లవార్చేది. కడపకు మూడు పక్కల కొండలున్నాయి. నల్లమల ఒక దిక్కు, పాలకొండలు ఇంకో దిక్కు. పగలంతా కాగిన రాయి రాత్రి ఆ వేడిని వదులుతుంది, ఊరేమో ఆ గిన్నె అడుగున ఉంటుంది. సముద్రమట్టానికి కడప ఎత్తు 138 మీటర్లు, అనంతపురం దాదాపు 335. వంద మీటర్లు ఎక్కితే అర డిగ్రీకి పైన తగ్గుతుందని లెక్క. అంటే ఎత్తు వల్ల వచ్చే తేడా ఒకటింపావు డిగ్రీకి మించదు. మిగతాదంతా గాలి పుణ్యం. అనంతపురం చుట్టూ నేల తెరిపిగా ఉంటుంది, పొద్దుగుంకగానే గాలి తిరుగుతుంది. పగలు చల్లగా ఉంటుందని మాత్రం ఎవరూ అనుకోవద్దు. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడా 40 దాటుతుంది, మధ్యాహ్నం వీధిలో కుక్క కూడా కనపడదు. నేను మెచ్చుకునేది రాత్రినే.

కడప వదలడం మాటల్లో అన్నంత తేలిక కాలేదు. మా అన్నదమ్ములంతా అక్కడే. పెద్దదర్గా ఉరుసు, దేవుని కడప తేరు, పొద్దున్నే యర్రకారం పూసిన దోశ, వీటితోనే పెరిగినాను. పెన్షన్ డబ్బులొస్తున్నాయి కదా, ఏసీ పెట్టించుకుని ఇక్కడే ఉండండని మా తమ్ముడన్నాడు. ఆ మాటా ఆలోచించినాము. తలుపులు మూసిన గదిలో నాలుగు నెలలు కూర్చోవడం మా ఆవిడ వల్ల కాలేదు. వాకిట్లో కూర్చుని చెనిక్కాయలు ఒలుచుకుంటూ నలుగురితో మాట్లాడకపోతే ఆమెకు పొద్దుపోదు.

కర్నూలు గురించి నా మనసులో రెండు మాటలున్నాయి. హైదరాబాదు 210 కిలోమీటర్లే, బళ్లకు కొదవ లేదు. పెద్దాసుపత్రి, మెడికల్ కాలేజీ ఊళ్లోనే. పిల్లలు హైదరాబాదులో ఉన్నవాళ్లు కర్నూల్లో ఉండటమే మేలు, ఇందులో నాకు ఏ సందేహమూ లేదు. రెండో మాట 2009 అక్టోబరు 2. ఆ రోజు నేను డ్యూటీ మీద బయట ఊళ్లో ఉన్నాను. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీదికొచ్చినాయి. మా ఆవిడ, పదేళ్ల పిల్లోడు ఓనరు వాళ్లతో పాటు మిద్దెమీద రెండు రాత్రులు గడిపినారు. నేను ఇల్లు చేరేసరికి గోడల మీద నిలువెత్తున బురద గీత. బియ్యం, బట్టలు, పిల్లోడి పుస్తకాలు అన్నీ ఒకే రంగులో ఉన్నాయి. పదహారేళ్లయినా గట్టి వాన పడితే మా ఆవిడ లేచి వాకిలి దగ్గర నిలబడుతుంది. ఊరి మీద కోపమేమీ లేదు, ఆ ఊరి జనమే మాకు అన్నం పెట్టినారు. కానీ మళ్లీ అక్కడ నిద్రపోలేనని ఆమె అన్నప్పుడు నేను ఎదురు చెప్పలేదు.

అయినా ఒకసారి కర్నూలు వైపు ప్లాటు చూడ్డానికి పోయినాను. హైవే పక్కన వెంచరు. ఫిబ్రవరిలో సాయంత్రం పూట ఏజెంటు కారులో తీసుకుపోయినాడు. కమాను, కొబ్బరి మొక్కలు, తెల్లగా గీసిన ప్లాటు గీతలు. 'బస్సులన్నీ మన ముందు నుంచే పోతాయి సార్' అన్నాడు. ముందు నుంచి పోవడం వేరు, ఆగడం వేరని ముప్పై ఏళ్లు బస్సు నడిపినవాడికి తెలియదా? నాలుగు వరుసల రోడ్డు మీద ఎక్స్‌ప్రెస్ బండి వెంచరు ముందు ఆగదు. పల్లెవెలుగు ఆగినా అవతలి పక్కన ఆగితే డివైడరు దాటి రావాలి. అరవై ఏళ్ల మనిషి చేతిలో సంచితో, లారీలు పోయే రోడ్డు దాటాలి. మే నెలలో నేనొక్కణ్ణే బస్సెక్కి మళ్లీ పోయి చూసినాను. దగ్గరి స్టాపు నుంచి రెండు కిలోమీటర్లు నడక, ఒక్క చెట్టు నీడ లేదు. కొబ్బరి మొక్కలు ఎండిపోయినాయి. కాపలావాడు నీళ్ల ట్యాంకరు కోసం చూస్తూ కూర్చున్నాడు. అడ్వాన్సు ఇవ్వలేదు కాబట్టి బయటపడినాను.

అదే నెలలో అనంతపురం ఇల్లు చూసినాము. మధ్యాహ్నం మూడు గంటలకు పోయినాము, కావాలనే. ఓనరమ్మకు డెబ్బై దాటినాయి, కింది పోర్షన్లలో ఒకదాంట్లో ఒక్కతే ఉంటుంది. 'ఇల్లు సూడ్డానికి సల్లబడినాక రాకుండా ఈ ఎండలో ఏం నాయనా' అంటూ ముందు మజ్జిగ ఇచ్చింది. పడమటి గోడ మీద చెయ్యి పెట్టి చూసినాను, లోపలి పక్క కూడా కాలుతోంది. అది పక్కగది గోడ, మేం పడుకునే గది తూర్పుకుంది. మిద్దెమీదికి పోయి స్లాబు చూసినాను, ఎక్కడా పగుళ్లు లేవు. తర్వాత నేనడిగిన మాటకు ఆమె కాసేపు నా ముఖం చూసింది. 2022 అక్టోబరులో నడిమివంక పొంగినప్పుడు ఈ వీధిలోకి నీళ్లొచ్చినాయా అని అడిగినాను. వాన లేని ఊరని పేరే గాని, ఆ నెలలో ఇక్కడ ఎన్నో కాలనీలు మునిగినాయి. ఈ వీధికి రాలేదని చెప్పి, అయినా నా మాట మీద ఆధారపడొద్దు, అంగడి ఆయన్ను కూడా అడుగు అన్నది. అడిగినాను, ఆయనా అదే చెప్పినాడు. తనకు నష్టమొచ్చే ప్రశ్నకు అట్లా జవాబిచ్చిన మనిషి ఇంట్లో ఉండొచ్చని అప్పుడే తేల్చుకున్నాను. అడ్వాన్సు 30 వేలు అక్కడే ఇచ్చేసినాను.

రాత్రుళ్ల విషయంలో ఆ పాత దుప్పటి నన్ను మోసం చెయ్యలేదు. మార్చిలో స్లాబు మీద సున్నంలో ఫెవికాల్ కలిపి రెండు కోట్లు వేస్తాను, ఒక పూట పని. కూలర్ ఒకటే ఉంది. గాలి పొడిగా ఉంటే కూలర్ బాగా పనిచేస్తుంది, ఇక్కడ మే నెల గాలి పొడి గాలే. ఉబ్బసం ఉన్న ఇంట్లో కూలర్ గడ్డి ప్రతి ఏడాదీ మార్చాలి, నీళ్లు రెండు రోజులకోసారి పారబోసి తొట్టి కడగాలి, లేకపోతే బూజు వాసనతో మొదటికే మోసం. తొమ్మిదికి మిద్దెమీద చాప పరిస్తే పదిన్నరకు నిద్రపట్టే గాలి వస్తుంది. మొదటి వేసవిలో మా ఆవిడ వరసగా ఆరు గంటలు పడుకున్న రాత్రి నేను మేలుకునే ఉన్నాను, ఆమె ఊపిరి వింటూ.

ఇక లోపం. అది చిన్నది కాదు. జూన్ మొదలుకొని ఆగస్టు దాకా ఇక్కడ గాలి కొడుతుంది. మామూలు గాలి కాదు, ఆరేసిన దుప్పటి పక్కవీధిలో దొరుకుతుంది. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరకే పెట్టలేదు. నైరుతి మబ్బులు పడమటి కనుమల అవతలే నీళ్లు కుమ్మరించేసి, ఇక్కడికి గాలి మాత్రం పంపుతాయి. ఈశాన్యం వానలు సముద్రం నుంచి ఇంత దూరం వచ్చేసరికి నీరసపడిపోతాయి. ఏడాదికి పడేది 550 మిల్లీమీటర్ల చిల్లర. ఆషాఢంలో ఆకాశం నిండా మబ్బు ఉంటుంది, వాన ఉండదు, మబ్బులు పరుగెత్తుకుంటూ పోతుంటాయి. పంట వేసిన రైతు ఆ మబ్బుల్ని చూసే చూపు నేను బస్సులో అద్దం వెనక నుంచి ఎన్నో ఏళ్లు చూసినాను. ఆ గాలితో దుమ్మొస్తుంది. దాంతోపాటు ఖాళీ స్థలాల్లో బలిసిన వయ్యారిభామ పుప్పొడి. మే నెలలో మా ఆవిడను నిద్రపుచ్చే గాలే జులైలో ఆమె రొమ్ము పట్టేస్తుంది. రెండూ ఒకే ఊరివి, ఒకటి తీసుకుని ఇంకొకటి వద్దంటే కుదరదు.

2024 జులైలో ఒక రాత్రి పడమటి కిటికీ మూయడం మరిచిపోయినాము. ఒంటిగంటన్నరకు ఆయాసం ఎత్తుకుంది. నోట్లో కొట్టుకునే ఇన్‌హేలర్ పంపు నాలుగుసార్లు కొట్టినా ఆయాసం దిగలేదు, మందు పొగ పట్టే మిషను పెడదామంటే కరెంటు పోయింది. కిందికి దిగి ఎదురింటి తలుపు కొట్టినాను. ఆయన ఆటో నడుపుతాడు, అప్పటికి మాకు ముఖపరిచయమే, భాయ్ అని పిలుస్తాను. లుంగీ మీదనే ఆటో తీసినాడు. పెద్దాసుపత్రికి చేర్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. అక్కడ ఆక్సిజన్ పెట్టి ఆమె తేరుకున్నాక నా వైపు తిరిగి, 'ఏమప్పా, పిలిసేదానికి ఇంతసేపా? నీ మొగం సూస్తే తలుపు ముందర శానాసేపు నిలబన్నట్టుండావు' అన్నాడు. నిజమే, తలుపు కొట్టాలా వద్దా అని రెండు నిమిషాలు నిలబడినాను. పొద్దున ఇంటికొస్తే మా వాకిలి తెరిచే ఉంది, ఓనరమ్మ లోపల కుర్చీలో కూర్చుని ఉంది. తాళం వెయ్యకుండా పోయినాము కదా అని రాత్రంతా అక్కడే కూర్చున్నదట. ఆటోకు డబ్బులు తీసుకోలేదు. ఆ ఆదివారం మా ఆవిడ ఓళిగలు చేసి వాళ్లింటికి పంపింది. మరుసటి మొహర్రంకు వాళ్లు గూగూడులో కుళ్లాయిస్వామి పీర్ల జాతరకు పోతూ మమ్మల్నీ ఎక్కించుకున్నారు.

ఇక్కడ జనం ఇట్లా ఉండటానికి నాకు తోచిన కారణం ఒకటుంది. ఈ వీధిలో అనంతపురంలోనే పుట్టినవాళ్లు ఇద్దరో ముగ్గురో. మిగతా అందరూ పంట పోయి, బోరు ఎండి, పిల్లల చదువుకని పల్లెల నుంచి వచ్చినవాళ్లే. కళ్యాణదుర్గం దిక్కు, ఉరవకొండ దిక్కు, శింగనమల దిక్కు. మొదటి ప్రశ్న 'మీ ఊరేది?' అనే ఉంటుంది. కొత్తవాడికి ఏం కావాలో కొత్తగా వచ్చినవాడికే తెలుసు. మేం 'అబ్బీ' అంటాం, వాళ్లు 'అప్పా' అంటారు. ఆర్నెల్లకు మా ఆవిడ కూడా అప్పా అనడం మొదలుపెట్టింది.

నీళ్ల సంగతి. కొళాయి రోజు మార్చి రోజు వస్తుంది, తొట్టి నింపుకుంటే సరిపోతుంది. ఊరికి నీళ్లిచ్చేది పెన్నహోబిలం రిజర్వాయరు, దానికి ఆధారం తుంగభద్ర ఎగువ కాలువ. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఇక్కడ అంగట్లో, టీ బంకు దగ్గర వేరే మాట లేదు. తాత్కాలిక గేటు దించేదాకా వీధిలో అందరి చేతుల్లో ఫోన్లే. ఎక్కడో అంత దూరాన ఉన్న గేటు మన బిందెకు సంబంధించిందని ఆ వారం నాకు ఒంటికి పట్టింది. బోరు నీళ్లు గట్టివి, గిన్నెలకు తెల్లటి పొర కడతాయి, పప్పు ఉడకదు. ఈ జిల్లాలో ఫ్లోరైడు బాధ పాతది. తాగడానికి 20 లీటర్ల క్యాను, ఇంటికి తెస్తే 20 రూపాయలు. ఆ ఖర్చు అద్దెలో కలిపి లెక్కేసుకోవాలి.

బెంగళూరు దగ్గరని అందరూ చెప్తారు. ఎంత దగ్గరో, ఏ దిక్కున దగ్గరో చెప్పేవాళ్లు తక్కువ. మా కొడుకు యలహంకలో ఉంటాడు. కడప నుంచి పోవాలంటే గువ్వలచెరువు ఘాటు ఎక్కాలి, రాయచోటి, మదనపల్లె మీదుగా పోవాలి. గువ్వలచెరువు పాలకోవ కోసం బండి ఆపిన రోజులున్నాయి, ఆ మలుపుల్లో ప్రాణం అరచేతిలో పెట్టుకున్న రోజులూ ఉన్నాయి. ఆ దారిలో కూర్చుంటే మా ఆవిడకు ప్రతిసారీ కడుపులో తిప్పేది. అనంతపురం నుంచి 44వ నంబరు హైవే, దాదాపు 210 కిలోమీటర్లు, తిన్నగా గీత గీసినట్టుంటుంది. పెనుకొండ దాటితే గాలి మారుతుంది, బాగేపల్లి దగ్గర కిటికీ తెరిస్తే హాయిగా ఉంటుంది. ముందు దేవనహళ్లి, తర్వాత యలహంక, ఆ తర్వాతే హెబ్బాళ. అంటే విమానాశ్రయం గాని, మావాడి ఇల్లు గాని ఊరి రద్దీ మొదలయ్యే ముందే వచ్చేస్తాయి. పొద్దున ఐదు గంటల బస్సెక్కితే తొమ్మిదిన్నరకు మనవడు బడికి పోయాడా అని కోడల్ని అడుగుతుంటాను. అదే కొడుకు ఎలక్ట్రానిక్ సిటీలో ఉండి ఉంటే ఈ ఊరు ఎంచుకునేవాణ్ణి కాదు, హెబ్బాళ నుంచి అక్కడికి చేరేసరికి మిగిలిన ఓపిక పోతుంది. రైళ్లూ ఉన్నాయి. మేం వచ్చిన మూడు నెలలకు, 2023 సెప్టెంబరు 24న, కాచిగూడ–యశ్వంతపూర్ వందేభారత్ మొదలై ఇక్కడ ఆగుతోంది. ఒక్కసారి ఎక్కినాము, సుఖంగా ఉంది, టికెట్టు మాత్రం మా లెక్కకు ఎక్కువ. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఎక్స్‌ప్రెస్ దాకా బస్సు ఉచితం కాబట్టి మా ఆవిడ నెలకోసారి తాడిపత్రిలో చెల్లెలి ఇంటికి నన్ను అడక్కుండా పోయి వస్తోంది. అంతకుముందు ఆమె ఒక్కతే బస్సెక్కడం మా పెళ్లయినాక నేను చూడలేదు.

పోగొట్టుకున్నదీ చెప్పాలి. కడప ఇక్కడికి ఇంచుమించు 155 కిలోమీటర్లు. తాడిపత్రి, ముద్దనూరు మీదుగా నాలుగు గంటలు. పోయిన శ్రావణంలో మా పెదనాన్న కొడుకు పోయినాడు. కబురు తెలిసేసరికి మధ్యాహ్నం, నేను చేరేసరికి శవం లేపేసినారు. భుజం పట్టాల్సిన మనిషి ముఖం కూడా చూడలేదు. కడపలో ఉండి ఉంటే పది నిమిషాల దూరం. ఈ లెక్క ఏ ఇంటి అద్దెలోనూ కనపడదు. అన్నదమ్ముల్ని విడిచి వచ్చేవాళ్లు దీన్ని ముందే మనసుకు చెప్పుకోవాలి. చెన్నైలో పిల్లలున్నవాళ్లు, తిరుపతి, వేలూరు ఆసుపత్రులతో పనున్నవాళ్లు కడపలోనే ఉండటం మంచిది. తిరుపతి అక్కడికి 140 కిలోమీటర్లే.

ఇంటి మీద చిన్న ఫిర్యాదులున్నాయి. మెట్లు ఇరుకు, సిలిండరు మొయ్యాలంటే ఇద్దరు కావాలి. పడమటి గది ఏప్రిల్, మే నెలల్లో సామాన్లకే పనికొస్తుంది. జూన్ నుంచి రోజుకు రెండుసార్లు తడిగుడ్డతో తుడవాలి, చీపురు పడితే దుమ్ము లేస్తుంది. పడమటి కిటికీకి ఇప్పుడు సన్నజాలీ, దాని మీద తడిపిన గోనెపట్ట కట్టినాను. ఈ ఏడాది గాలికాలంలో ఆసుపత్రికి పోవాల్సిన అవసరం రాలేదు.

పదకొండు నెలల అగ్రిమెంటు ఇప్పటికి రెండుసార్లు తిరగరాసుకున్నాము. నాతోపాటు కండక్టరుగా చేసిన మిత్రుడు వచ్చే ఏప్రిల్‌లో రిటైరవుతాడు, ఆయనకూ కడప రాత్రులు పడటం లేదు. కిందనున్న రెండో పోర్షన్ మార్చిలో ఖాళీ అవుతుంది. సంక్రాంతి సెలవుల్లో వచ్చి చూసుకుంటానన్నాడు. వద్దన్నాను. ఓనరమ్మను అడిగితే మే దాకా ఎవరికీ ఇవ్వకుండా ఉంచుతానన్నది. మే మొదటి ఆదివారం, మధ్యాహ్నం మూడుకు ఇక్కడ దిగే బస్సెక్కి రమ్మన్నాను. రాత్రి మిద్దెమీద పడుకోవడానికి దుప్పటి కూడా తెచ్చుకోమన్నాను.